కెల్టిక్ భాషల నామవాచకాలు: వ్యుత్పత్తికి సాక్ష్యం ప్రథమా విభక్తిదా, షష్ఠిదా?

శబ్దమంజరి:
ఈ వేదికలో లాటిన్, గ్రీకు నామరూపాల గురించి చర్చలు జరిగాయి గానీ, ఐరిష్, వెల్ష్ వంటి భాషలున్న కెల్టిక్ శాఖ జోలికి ఎవరూ పెద్దగా వెళ్ళలేదు. కొంతకాలంగా పాత ఐరిష్ వ్యాకరణం చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక అభిప్రాయం బలపడుతోంది. ఈ భాషల్లో ఒక నామవాచకం పుట్టుక తెలియాలంటే దాని ప్రథమా రూపాన్ని నమ్ముకోకూడదు, షష్ఠీ రూపాన్ని అడగాలి.

పాత ఐరిష్‌లో రాజుకు 'రీ' అంటారు. ఆ ఒక్క అక్షరంలో మన 'రాజన్' గానీ లాటిన్ 'రెక్స్' గానీ కనిపించవు. షష్ఠిలో 'రీగ్' అంటారు, అక్కడ పోయిన హల్లు తిరిగి వస్తుంది. మూలభాషలోని (సంస్కృతం, లాటిన్, కెల్టిక్ వంటి భాషలన్నిటికీ తల్లి అయిన ఇండో-యూరోపియన్ భాషలోని) దీర్ఘ ఏకారం కెల్టిక్‌లో ఈకారమవుతుందని తెలిస్తే, సీజరుతో పోరాడిన గాల్ దేశపు నాయకుడు వెర్సింగెటోరిక్స్ పేరు చివర ఉన్న 'రిక్స్' కూడా ఇదే మాటని తెలుస్తుంది. స్నేహితుడికి 'కర' అంటారు, షష్ఠి 'కరద్'. చివరి 'ద్' ఊరికే వచ్చింది కాదు. ఆ మాట ఒకప్పుడు 'కరంత్', అంటే 'ప్రేమించేవాడు' అనే అర్థంలో వర్తమాన కృదంతం. సంస్కృతంలో 'గచ్ఛన్' ప్రథమ, 'గచ్ఛతః' షష్ఠి అయినట్లే, ఇక్కడ కూడా ప్రథమ చేజార్చుకున్న దంత్యాన్ని షష్ఠి పట్టి ఉంచింది.

అన్నింటికంటే విచిత్రమైనది స్త్రీవాచకం. పాత ఐరిష్‌లో ప్రథమ 'బెన్', షష్ఠి 'మ్నా', బహువచన ప్రథమ కూడా 'మ్నా', బహువచన షష్ఠి మాత్రం 'బన్'. రెండు వేరు మాటల్ని కలిపి కుట్టారేమో అనిపిస్తుంది గానీ అంతా ఒకే మాట. మూలభాషలో ఒక రూపంలో ధాతువులో అచ్చు ఉండేది, మరొక రూపంలో ఉండేది కాదు. అచ్చు పోయినప్పుడు 'బ్నాస్' అయి, బకారం పక్కనున్న నకారం ప్రభావంతో మకారమై 'మ్నా' మిగిలింది. ఋగ్వేదంలో దేవతాస్త్రీలను చెప్పే 'గ్నా' అనే మాట, 'జని' అనే మాట దీనికి తోబుట్టువులు. ఈ విషయంలో సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

(ఉచ్చారణ గురించి ఒక మాట. పాత ఐరిష్ రూపాలను చాలావరకు వ్రాతప్రతుల్లోని అక్షరాలను బట్టి తెలుగులో రాస్తున్నాను. పలుకుబడి కొంత వేరుగా ఉంటుంది.)

లిఫీ_తీరం:
మంజరి గారూ, నేను ఉంటున్నది డబ్లిన్‌లో కాబట్టి ఈ 'మ్నా'తో నాకు పుస్తకంలో కంటే ముందు మరుగుదొడ్ల తలుపు మీద పరిచయమైంది. ఇక్కడ పాత భవనాల్లో ఒక తలుపు మీద 'ఫిర్' అని, ఇంకొక తలుపు మీద 'మ్నా' అని మాత్రమే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి, ఎం కనబడింది కాబట్టి మగవాళ్ళదని, ఎఫ్ కనబడింది కాబట్టి ఆడవాళ్ళదని లోపలికి వెళ్ళే కొత్తవాళ్ళ గురించిన హాస్యం ఇక్కడ చాలా పాతది. నిజానికి 'ఫిర్' అంటే పురుషులు. ఏకవచనం ఇప్పటి ఐరిష్‌లో 'ఫ్యార్'. లాటిన్ 'విర్'కూ, మన 'వీరుడి'లోని సంస్కృత 'వీర'కూ చుట్టం.

మా అబ్బాయి ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నాడు, కాబట్టి ఐరిష్ తప్పనిసరి. నిఘంటువులో ప్రతి నామవాచకం పక్కనా షష్ఠీ ఏకవచనం ఎందుకిస్తారో వాడి ఇంటిపని చేయిస్తున్నప్పుడు అర్థమైంది. ఇల్లు 'త్యాఖ్', 'ఇంటి' అనడానికి 'తీ'. 'బ్యన్ అన్ తీ' అంటే ఇంటావిడ. మొదటి రూపాన్ని చూసి రెండోదాన్ని ఊహించడం అసాధ్యం, కాబట్టి రెండూ కంఠస్థం చేయాల్సిందే.

ఈ దేశం, అంటే ఐర్లండ్, పేరు కూడా అంతే. ప్రథమ 'ఏరె', షష్ఠి 'ఏరన్', చతుర్థి 'ఏరిన్'. 1928లో వచ్చిన మొదటి నాణేల మీద 'స్వేచ్ఛారాజ్యం' అనే మాట తరువాత ఉంది కాబట్టి షష్ఠీ రూపం 'ఏరన్' వేశారు. 1939 నుంచి ఒక్క దేశం పేరే వేశారు కాబట్టి ప్రథమా రూపం 'ఏరె' వచ్చింది. ఇప్పటి యూరో నాణేల మీద కూడా అదే. ఇక ఇంగ్లీషు కవిత్వంలోనూ ఆడపిల్లల పేర్లలోనూ వినిపించే 'ఎరిన్' మూడో రూపం.

శబ్దమంజరి:
చాలా మంచి ఉదాహరణ ఇచ్చారు. ఆ 'ఏరన్'లోని నకారమే ఆ మాట నకారాంతమని చెబుతుంది. పండితులు దీని మూలాన్ని సంస్కృత 'పీవరీ'తో, అంటే 'పుష్టిగలది' అనే మాటతో కలుపుతారు. సారవంతమైన నేల అని భావం. పకారం ఏమైందని అడుగుతారేమో, కెల్టిక్ శాఖ మొత్తంలో మూలభాషా పకారం లోపించింది. 'పితృ' పాత ఐరిష్‌లో 'అథిర్', 'పూర్ణ' అనే మాట 'లాన్'. మీ ఊరి బస్సుల మీద సిటీ సెంటరుకు 'అన్ లార్' అని వేస్తారు కదా, ఆ 'లార్' అసలు అర్థం నేల. ఇంగ్లీషు 'ఫ్లోర్'కు అది సోదర పదమే, ముందున్న హల్లు ఒక్కటే లేదు.

త్రిలింగ_వాది:
ఇంత దూరం ఎందుకండీ? కెల్టిక్ ప్రజల పురోహితులను 'ద్రూయిడ్'లు అంటారని అందరికీ తెలుసు. ఇది 'ద్రవిడ' శబ్దమేనని అనేక చోట్ల చదివాను. ద, ర, వ, డ అనే నాలుగు హల్లులూ అదే వరుసలో ఉన్నాయి. మన వాళ్ళే పడమటికి వెళ్ళారనడానికి ఇంతకంటే ఏం కావాలి? సంస్కృతంతో కలిపితే శాస్త్రం, ద్రావిడంతో కలిపితే ఊహ అనడం న్యాయం కాదు.

శబ్దమంజరి:
త్రిలింగ వాది గారూ, సంస్కృతమా ద్రావిడమా అన్నది ఇక్కడ కొలబద్ద కాదు. రెండు మాటల పాత రూపాలను విడివిడిగా వెనక్కి తీసుకువెళ్ళినప్పుడు అవి ఒకదానికొకటి దగ్గరవుతున్నాయా, దూరమవుతున్నాయా అన్నది కొలబద్ద. మీరు చెప్పిన జంటను అలాగే పరీక్షిద్దాం.

పాత ఐరిష్‌లో ప్రథమ 'ద్రుయీ', షష్ఠి 'ద్రుఅద్', బహువచన ప్రథమ 'ద్రుయిద్'. ఇక్కడ కూడా ప్రథమలో దకారం లేదు, షష్ఠిలో ఉంది. సీజరు లాటిన్‌లో బహువచనం 'ద్రుయిదేస్'. ఈ సాక్ష్యాలన్నీ కలిపి మూలరూపాన్ని 'ద్రు-విద్' అని నిర్ణయించారు. రెండో భాగం 'తెలుసుకొను' అనే ధాతువు, మన 'వేదం', 'విద్య' దాని నుంచి వచ్చినవే. మొదటి భాగం 'చెట్టు', విశేషంగా సింధూరజాతి (ఓక్) వృక్షం. సంస్కృతంలో 'ద్రుమం', 'దారువు' దానికి బంధువులు. కొందరు దాన్ని 'దృఢమైన' అనే అర్థంలో తీసుకుని 'గట్టిగా తెలిసినవాడు' అని వివరిస్తారు. ఏ వివరణ తీసుకున్నా ముక్కలు అవే.

'ద్రవిడ' శబ్దాన్ని వెనక్కి తీసుకువెళితే 'ద్రమిడ', 'ద్రమిళ', పాళీలో 'దమిళ' వస్తాయి, అక్కడి నుంచి 'తమిళ' శబ్దం చేరువలోనే ఉంది. అంటే మీరు లెక్కపెట్టిన వకారం ఒకప్పుడు మకారం, డకారం ఒకప్పుడు ళకారం. ఒక మాట వెనక్కి వెళ్ళి 'ద్రు-విద్' అయింది, రెండోది వెనక్కి వెళ్ళి 'దమిళ' అయింది. నేడు పోలినవి, నిన్న పోలలేదు. చుట్టరికం ఉన్న మాటలైతే సరిగ్గా దీనికి విరుద్ధంగా జరుగుతుంది.

ఉపవిభక్తి:
మంజరి గారి సిద్ధాంతం చదువుతుంటే తెలుగువాడికి సహజంగా 'ఇల్లు-ఇంటి', 'నోరు-నోటి', 'చేయి-చేతి' గుర్తొస్తాయి. మనకు కూడా ప్రథమ ఒకటి, మిగిలిన విభక్తులకు ఆధారమయ్యే అంగం ఇంకొకటి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలు అన్నాడు. ఈ పోలికను ఇంతవరకే ఉంచాలని నా మనవి. 'రీ-రీగ్' జంటలో గకారం ధాతువుదే, ప్రథమ దాన్ని పోగొట్టుకుంది. 'నోరు-నోటి' జంటలో టకారం ధాతువుది కాదు, తమిళంలో 'మరం' అనేది 'మరత్తు' అయినట్లే, అంగాన్ని తయారు చేయడానికి వచ్చి చేరిన ప్రత్యయం. అక్కడ ప్రథమలో తరుగు, ఇక్కడ ద్వితీయాదుల్లో చేర్పు. పైకి ఒకే తీరుగా కనిపించినా లోపలి యంత్రం వేరు. అందుచేత తెలుగులో షష్ఠీ అంగాన్ని చూసి వ్యుత్పత్తి చెప్పబోతే పొరపాటు పడతాం.

ప్రశ్నార్థకం:
అసలు ఐరిష్‌లో మాత్రం పొరపాటు పడమా? రైలుకు ఇప్పటి ఐరిష్‌లో 'ట్రేన్' అంటారు, అది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటే. దాని షష్ఠి 'ట్రేనఖ్'. రైల్వే స్టేషన్‌ను 'స్టాషూన్ ట్రేనఖ్' అంటారు. మంజరి గారి సూత్రం ప్రకారం చూస్తే, రైలు పుట్టకముందే ఈ మాట చివర ఒక ప్రాచీన కంఠ్యం ఉండాలి! షష్ఠి సాక్ష్యం చెబుతుందని ఒప్పుకుంటాను గానీ, ఆ సాక్షి అన్ని వేళలా నిజం చెప్పదు.

శబ్దమంజరి:
ప్రశ్న గారి అభ్యంతరం బలమైనదే, ఎందుకంటే అది 'ట్రేన్' ఒక్కదానితో ఆగదు. 'నగరం' అనే అర్థంలో 'కహిర్', షష్ఠి 'కహ్రఖ్'. ఇది పాత మాట, పాత ఐరిష్‌లోనే ఈ 'అఖ్' అంతం ఉంది. ఇలాంటివి కొన్ని ఉండగా, రకారంతో ముగిసే స్త్రీలింగ పదాలు ఇంకొన్ని, ఆ తరువాత 'ట్రేన్' వంటి కొత్త పదాలు వచ్చి ఆ వరుసలో చేరిపోయాయి. భాష తనకు అలవాటైన అచ్చులో కొత్త లోహాన్ని పోస్తుంది.

సింధూర వృక్షానికి ఐరిష్ మాట 'దార్'. నేటి షష్ఠి 'దరఖ్', ఇది ఆ వరుసలో తరువాత చేరిన రూపం. పాత షష్ఠి 'దరొ', 'దర'. ఆ సంగతి ఎలా తెలుస్తుందంటే, వ్రాతప్రతులు ఉన్నాయి, ఊరి పేరు కూడా ఉంది. డబ్లిన్ పక్కనే ఉన్న కిల్డేర్ అసలు పేరు 'కిల్ దర', 'సింధూర వృక్షపు ఆలయం'. వాడుకలో షష్ఠి మారినా, ఊరి పేరులో పాతది గడ్డకట్టి ఉండిపోయింది. కాబట్టి నా సూత్రాన్ని ఇలా పదును పెడతాను. నమ్మదగినది షష్ఠి కాదు, అందుబాటులో ఉన్న షష్ఠులలో అతి పాతది.

కుమ్రి_విద్యార్థి:
ఇంతవరకు చర్చ అంతా ఐరిష్ చుట్టూ తిరిగింది. నేను చదువుతున్నది వెల్ష్. వెల్ష్, బ్రెటన్, కోర్నిష్ భాషలలో నామవాచకాలకు విభక్తి రూపాలే లేవు. మరి ఆ భాషలకు మంజరి గారి సూత్రం పనికిరాదా? పనికివస్తుంది, సాక్షి మాత్రం మారుతుంది. ఇక్కడ బహువచనం ఆ పని చేస్తుంది.

సోదరుడు వెల్ష్‌లో 'బ్రౌద్', బహువచనం 'బ్రోదిర్'. ఏకవచనంలో లేని రకారం బహువచనంలో ఉంది. సంస్కృతం చదివినవారు 'భ్రాతా', 'భ్రాతరః' అని ఒకసారి పక్కన రాసుకుని చూడండి, లోపం సరిగ్గా అదే చోట కనబడుతుంది. బంధువు 'కార్', బహువచనం 'కెరైంట్'. ఐరిష్ 'కరద్'లో నకారం కూడా కలిసిపోయి దకారం ఒక్కటే మిగిలింది గానీ, వెల్ష్ బహువచనంలో 'న్ట్' రెండూ చెక్కుచెదరలేదు. కుక్క 'కీ', బహువచనం 'కూన్'. ఐరిష్‌లో 'కూ', షష్ఠి 'కొన్'. సంస్కృతంలో 'శ్వా', షష్ఠి 'శునః'. గ్రీకులోనూ ఇదే కథ.

వెల్ష్ నామవాచకాల్లో ఇంకొక విశేషం ఉంది, అది నాకు విభక్తుల కంటే ఆసక్తికరంగా తోస్తుంది. కొన్ని మాటలకు బహువచనమే మూలరూపం, ఏకవచనం కోసం ప్రత్యయం చేర్చాలి. 'అదర్' అంటే పక్షులు, ఒక పక్షి కావాలంటే 'అదెరిన్'. 'కోయ్ద్' అంటే చెట్లు, ఒక చెట్టు 'కోయ్దెన్'. 'సేర్' అంటే నక్షత్రాలు, ఒకటి 'సెరెన్'. పుంలింగానికి 'ఇన్', స్త్రీలింగానికి 'ఎన్'. గుంపుగా కనిపించేవాటికి గుంపు పేరే ముందు, అందులోంచి ఒకదాన్ని ఏరి తీస్తే దానికి తోక. బ్రెటన్‌లోనూ ఈ పద్ధతి ఉంది, అక్కడ చెట్లు 'గ్వెజ్', ఒక చెట్టు 'గ్వెజెన్'.

'పిల్లలు' అనే మాట కూడా ఈ జాతిదే. 'ప్లాంట్' అంటే పిల్లలు, ఒక బిడ్డ 'ప్లెంటిన్'. ఇది లాటిన్ 'ప్లాంటా', అంటే మొలక, అంటు అనే మాట నుంచి వచ్చింది.

లిఫీ_తీరం:
అయితే ఇక్కడి 'క్లన్' కూడా అదేనా? ఐరిష్‌లో సంతానానికి 'క్లన్' అంటారు, ఇంగ్లీషులోని 'క్లాన్' స్కాట్లండ్ గేలిక్ నుంచి వచ్చిందని విన్నాను.

కుమ్రి_విద్యార్థి:
అదేనండీ, రెండూ ఒకే లాటిన్ మాట. పై చర్చలో మూలభాషా పకారం కెల్టిక్‌లో లోపించిందన్నారు కదా. ఆ తరువాత వెల్ష్ శాఖలో మూలభాషా 'క్వ' ధ్వని పకారంగా మారింది కాబట్టి వారికి కొత్తగా పకారం దొరికింది. అందుకే 'కుమారుడు' వెల్ష్‌లో 'మాప్', ఇప్పుడు 'మాబ్', ఐరిష్‌లో 'మక్'. ఐరిష్ వారికి చాలాకాలం పకారమే లేదు. తొలినాళ్ళలో లాటిన్ మాటలు వచ్చినప్పుడు వారు పకారం బదులు తమకున్న 'క్వ' ధ్వనిని పెట్టుకున్నారు, అది తరువాత కకారమైంది. 'ప్లాంటా' ఆ దారిలోనే 'క్లన్' అయింది. ఈస్టరుకు లాటిన్ 'పాస్ఖా', వెల్ష్‌లో 'పాస్గ్', ఐరిష్‌లో 'కాష్క్'. వారి దేశంలో క్రైస్తవాన్ని ప్రచారం చేసిన పేట్రిక్ పేరుకు కూడా 'కొథ్రిఖె' అనే పాత రూపం ఒకటి ఉంది. పకారం పలకడం అలవాటయ్యాక వచ్చిన రూపమే నేటి 'పాద్రిగ్'.

ప్రశ్నార్థకం:
ఈ భాషల్లో పదం మొదటి అక్షరమే మారిపోతుందని విన్నాను. ఇది విభక్తా, సంధా? దీనికీ వ్యుత్పత్తికీ సంబంధం ఉందా?

శబ్దమంజరి:
పుట్టుకలో సంధి, పనిలో విభక్తి. ఐరిష్‌లో దీనికి 'షేవూ', 'ఉరూ' అని రెండు పేర్లు. మొదటిది హల్లును మెత్తబరుస్తుంది, రెండోది హల్లు ముందు అనునాసికాన్ని లేదా నాదాన్ని తెస్తుంది. పూర్వం ముందున్న పదం అచ్చుతో ముగిస్తే, రెండు అచ్చుల నడుమ పడిన హల్లు మెత్తబడింది. ముందున్న పదం అనునాసికంతో ముగిస్తే అది తరువాతి హల్లుకు అంటుకుంది. ఆ తరువాత పదాంతాలు రాలిపోయాయి గానీ వాటి ముద్ర మిగిలింది.

'స్త్రీల' అనడానికి నేటి ఐరిష్‌లో 'న మన్' అంటారు, రాయడం మాత్రం మకారం తరువాత బకారం కూడా ఉంచి రాస్తారు. బకారానికి ముందు ఆ మకారం ఎలా వచ్చింది? బహువచన షష్ఠి మూలభాషలో అనునాసికంతో ముగిసేది, సంస్కృతంలో 'దేవానామ్' ఎలాగో అలాగే. ముందున్న నిర్దేశక పదం 'న' (ఇంగ్లీషు 'ద' వంటిది) చివర ఒకప్పుడు ఉన్న ఆ అనునాసికమే బకారం నెత్తిన కూర్చుంది. అంటే ఇక్కడ విభక్తి ప్రత్యయం పదం చివర పోయి, పక్క పదం మొదట తేలింది.

సంబోధనలో కూడా ఇది కనిపిస్తుంది. స్కాట్లండ్ గేలిక్‌లో 'షేమస్' అనే పేరును పిలిచేటప్పుడు 'అ హేమిష్' అంటారు. బయటివారు పిలుపు విని అదే పేరనుకున్నారు కాబట్టి ఇంగ్లీషులో 'హేమిష్' అనే పేరు పుట్టింది. మనం 'రాముడు' అని చెప్పి 'రామా' అని పిలిచినట్లే గానీ, వారిలో మార్పు తలా తోకా రెండింటిలోనూ ఉంటుంది.

లిఫీ_తీరం:
ఇంటిపేర్లలో కూడా ఇది రోజూ కనిపిస్తుంది. తండ్రి 'ఓ బ్రియన్' అయితే కూతురు 'నీ వ్రియన్', భార్య 'బ్యన్ ఈ వ్రియన్'. 'ఓ' అంటే మనుమడు, వంశీకుడు. దాని షష్ఠి 'ఈ'. 'నీ' అనేది 'కూతురు' అనే 'ఇనీన్', ఆ 'ఈ' కలిసి కుదించుకుపోయిన రూపం. అన్నాచెల్లెళ్ళ ఇంటిపేర్లు రెండు రకాలుగా ఎందుకున్నాయని కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. ఇంటిపేరు మారలేదు, విభక్తి మాత్రమే మారింది.

ఉపవిభక్తి:
మంజరి గారు 'అతి పాత షష్ఠి' అన్నారు కాబట్టి ఓగమ్ శాసనాలను ఇక్కడ ప్రస్తావించాలి. రాతి అంచు వెంట గీతలతో చెక్కిన ఈ శాసనాలు ముఖ్యంగా క్రీస్తుశకం 4 నుంచి 6వ శతాబ్దాల నాటివి, ఎక్కువగా దక్షిణ ఐర్లండ్‌లో, కొన్ని వేల్స్‌లో దొరికాయి. వాటిలో ఉన్నది దాదాపు అంతా షష్ఠే. 'ఫలానావాడి కుమారుడైన ఫలానావాడి' అని మాత్రమే ఉంటుంది, 'రాయి' అనే మాటను చదువరి ఊహించుకోవాలి. అందుకే 'మక్' బదులు 'మకి' అని, అంటే 'కుమారుడి' అనే రూపం పదే పదే వస్తుంది. పదాంతాలు రాలిపోకముందు చెక్కినవి కావడంతో మంజరి గారు ఊహించి చెప్పవలసిన ప్రత్యయాలు అక్కడ రాతి మీదే కనిపిస్తాయి.

ఇంకొక సంగతి మన దేశానికి సంబంధించినది. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో బంధుత్వం చెప్పినప్పుడు కెల్టిక్‌ను కూడా కొంత సంకోచంతో ఆ జాబితాలో చేర్చాడు. శాస్త్రీయమైన పునాది 1853లో జొహాన్ కాస్పర్ జాయిస్ వ్యాకరణంతో పడింది. ఆ తరువాతి తరంలో పాత ఐరిష్ వ్రాతప్రతులను వెలికితీసిన ప్రముఖుడు విట్లీ స్టోక్స్ డబ్లిన్‌లో పుట్టి, 1862లో మద్రాసుకు వచ్చి, తరువాత కలకత్తాలో వైస్రాయి మండలిలో న్యాయ సభ్యుడయ్యాడు. పగలు భారతీయ చట్టాల ముసాయిదాలు రాస్తూ ఐరిష్ వ్యాఖ్యలు సంస్కరించాడు, వాటిలో కొన్ని కలకత్తాలోనే అచ్చయ్యాయి.

త్రిలింగ_వాది:
ద్రూయిడ్ల సంగతి మీద నేను ఇంకా చదువుతాను. ఈలోగా ఒక ప్రశ్న. మనకు 'ముగ్గురు మనుషులు', 'మూడు చెట్లు' అని సంఖ్యలో భేదం ఉంది. సంస్కృతంలో 'త్రయః', 'తిస్రః' అని లింగభేదం ఉంది. కెల్టిక్‌లో నామవాచకం లింగాన్ని బట్టి సంఖ్య మారుతుందా?

కుమ్రి_విద్యార్థి:
మారుతుంది, అదీ సంస్కృతం పద్ధతిలోనే. వెల్ష్‌లో పుంలింగానికి 'త్రీ', స్త్రీలింగానికి 'టైర్'. నాలుగుకు 'పెద్వర్', 'పెదైర్'. పాత ఐరిష్‌లో స్త్రీలింగ రూపాలు 'తెఓయిర్', 'కెథెఓయిర్'. 'తిస్రః', 'చతస్రః' రూపాలకు ఇవి సూటిగా సోదరులు. గ్రీకు, లాటిన్‌లలో ఈ ప్రత్యేక స్త్రీలింగ రూపాలు మిగలలేదు. ఇండో-ఇరానియన్ శాఖ ఒక కొసన, కెల్టిక్ శాఖ ఇంకొక కొసన దాన్ని నిలుపుకున్నాయి. సంఖ్య తరువాత నామవాచకం మాత్రం వెల్ష్‌లో ఏకవచనంలోనే ఉంటుంది. 'టైర్ మెర్ఖ్' అంటే ముగ్గురు ఆడపిల్లలు, అక్షరాలా 'మూడు పిల్ల'.

లిఫీ_తీరం:
చివరిగా ఒక సందేహం. పాత ఐరిష్‌లో సోదరి 'సియుర్' అని, అది 'స్వసృ'కు బంధువని చదివాను. మా అబ్బాయి పుస్తకంలో చెల్లెలికి 'డెరిఫూర్' అని ఉంది. ఈ 'డెర్' ఎక్కడిది?

శబ్దమంజరి:
అది 'నిజమైన' అనే అర్థం గల 'దెర్బ్' అనే విశేషణం. క్రైస్తవ మఠాలు వచ్చాక 'బ్రాథర్', 'షూర్' అనే మాటలను సన్యాసులకు, సన్యాసినులకు వాడడం మొదలుపెట్టారు. ఇంట్లో పుట్టిన వారిని వేరుగా చెప్పడానికి 'నిజ సోదరుడు', 'నిజ సోదరి' అన్నారు, అవి కుదించుకుని 'డ్రిహార్', 'డెరిఫూర్' అయ్యాయి. షష్ఠి చూడండి, 'డెరిఫేర్'. పాత ఐరిష్‌లో 'సియుర్' షష్ఠి 'సెథర్'. ఆ రెండింటి నడుమ థకారం ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నదానికి 'మాథిర్', 'అథిర్' రూపాలతో కలిపి వేరే చర్చ తెరవాలి. సంబంధవాచకాలన్నీ ఒకదాన్ని చూసి ఇంకొకటి రూపాలు మార్చుకున్నాయి.